గేటు బయట ట్రాక్టర్లు, గోడౌన్‌లో డ్రమ్ములు: తోతాపురి కేసుతో నడిపిన ఒక ఎంబీఏ క్లాసు

తిరుపతిలో ఎంబీఏ పిల్లలకు లోకల్ కేస్ స్టడీ ఒకటి రాద్దామని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా లడ్డూ. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ప్రసాదం, పోటు (ప్రసాదాల వంటశాల), దిట్టం (సరుకుల కొలత పట్టిక), రోజూ లక్షల్లో తయారీ... ఆపరేషన్స్ పాఠానికి ఇంతకంటే ఏం కావాలి అంటారు. ఉత్పత్తి సామర్థ్యం గురించి చెప్పడానికి అది బాగానే ఉంటుంది కూడా. క్లాసులో వాదన మాత్రం నడవదు. ప్రసాదం ధర పెంచాలా వద్దా అని అడిగితే సగం మంది మనసులోనే దండం పెట్టుకుని ఊరుకుంటారు. కేసుకు గొప్ప సంస్థ అక్కర్లేదు. ఫలానా రోజు సాయంత్రంలోపు ఏదో ఒకటి తేల్చక తప్పని మనిషి ఒకరు ఉంటే చాలు.

అలాంటి మనిషి నాకు చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ (గుజ్జు) ఫ్యాక్టరీలో దొరికాడు. నేను కాస్టింగ్, ఫైనాన్స్ చెబుతాను. 2025 తోతాపురి మామిడి సీజన్ మీద కేసు రాసి, రెండో సంవత్సరం పిల్లలతో రెండు క్లాసుల్లో నడిపాను. కేసు ఎలా కట్టాను, అంకెలు ఎక్కడ పనిచేశాయి, వాదన ఎటు తిరిగింది అన్నది ఇదే పని చేసే అధ్యాపకులకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేపథ్యం

మా క్లాసులో తోతాపురి అంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. బంగారుపాళెం, పాకాల, పుత్తూరు, పలమనేరు వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లకు ఓ తోపైనా ఉంటుంది. బేనీషాలా (బంగినపల్లిలా) దీన్ని ఇంట్లో కోసుకుని తినేవాళ్లు తక్కువ. పంటలో ఎక్కువ భాగం గుజ్జుకే పోతుంది. కాబట్టి రైతుకు గట్టి కొనుగోలుదారు అంటే ఫ్యాక్టరీయే. కాయను కోశాక మాగబెడతారు. మాగిన కాయ ఆగదు. బేరం ఆడటానికి రైతు చేతిలో ఉండేది నాలుగైదు రోజులే, ఫ్యాక్టరీకి మాత్రం డ్రమ్ముల్లో నింపిన గుజ్జును అమ్ముకోవడానికి నెలల తరబడి టైముంటుంది. కేసంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

2025లో కాపు విపరీతంగా వచ్చింది. ఫ్యాక్టరీల్లో అంతకు ముందు ఏడాది గుజ్జు ఇంకా మిగిలే ఉంది. ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం మరో 4 కలుపుతుంది, మొత్తం రైతుకు 12 రూపాయలు అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కర్ణాటక నుంచి తోతాపురి రాకుండా చిత్తూరు జిల్లా యంత్రాంగం జూన్‌లో ఆపింది. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కాయ కొనే ర్యాంపుల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాయ దించే వంతు టోకెన్లు పట్టుకుని ట్రాక్టర్లు బారులు తీరాయి.

కేసులో ఏముంది

ఫ్యాక్టరీ కుటుంబానిది. తండ్రి పెట్టాడు, ఇప్పుడు రెండో కొడుకు చూసుకుంటున్నాడు. పేరు, ఊరు ఎక్కడా రాయనని చెప్పాక గుమాస్తాను పిలిచి లెక్కలు చూపించాడు. కేసు పూర్తయ్యాక ఆయనకే చదివి వినిపించి, క్లాసులో వాడుకోవడానికి సంతకం తీసుకున్నాను. ఈ సంతకం విషయంలో మన దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. చిన్న ఊళ్లలో ఎవరి ఫ్యాక్టరీయో, ఎవరి అప్పో అందరికీ తెలిసిపోతుంది కాబట్టి పెద్ద కంపెనీల కంటే ఇక్కడే దాని అవసరం ఎక్కువ. కాయకు 8 రూపాయలన్న ధర తప్ప మిగతా అంకెలన్నీ మార్చి గుండ్రం చేశాను. కింద కనిపించేవి క్లాసు కోసం తయారైన అంకెలు, చిత్తూరు పరిశ్రమ సగటులు అనుకోకండి.

రెండు కిలోల కాయకు ఒక కిలో గుజ్జు. అంటే కిలో గుజ్జులో కాయ ఖర్చు 16 రూపాయలు. తయారీకి 14. అందులో కరెంటు, ఆవిరి, కూలీ, అసెప్టిక్ (క్రిములు చేరని) సంచి, డ్రమ్ము కలిపి 9 రూపాయలు సరుకును బట్టి మారేవి. మిగతా 5 ఫ్యాక్టరీ నడిచినా మూసినా తప్పని ఖర్చు. మొత్తం 30. మార్కెట్‌లో కొనేవాడు ఇస్తానంటున్నది 27.

రోజుకు 100 టన్నుల కాయ ఆడే సామర్థ్యం. సీజన్ ఇంకా 30 రోజులుంది, అంటే మొత్తం 1,500 టన్నుల గుజ్జు. ఒక శీతల పానీయాల కంపెనీ జాబ్‌వర్క్ ఇస్తానంటోంది. కాయ వాళ్ల ఏజెంట్లే తెస్తారు, ఆడి డ్రమ్ముల్లో నింపి ఇస్తే కిలో గుజ్జుకు 12 రూపాయలు. అదీ సగం సామర్థ్యానికే. గోడౌన్‌లో పోయిన సీజన్ గుజ్జు 2,000 టన్నులు ఉంది. పుస్తకాల్లో దాని విలువ కిలో 38. దాన్ని 27కు మొత్తం కొంటాం, డబ్బు వెంటనే ఇస్తామని ఒక ఎగుమతిదారు ఉత్తరం రాశాడు. అసెప్టిక్ గుజ్జుకు సుమారు రెండేళ్ల ఆయుష్షు కాబట్టి ఇప్పుడు వద్దనుకుంటే వచ్చే ఏడాదికి దాన్ని ఎవరూ ముట్టుకోరు. బ్యాంకు అప్పు 5 కోట్లు. సరుకు విలువలో 75 శాతం దాకా తీసుకోవచ్చు.

సోమవారం సాయంత్రంలోపు జాబ్‌వర్క్‌కు జవాబు చెప్పాలి. టోకెన్ల జాబితా కూడా ఆ రోజే ఇవ్వాలి. బయట నిలబడ్డవాళ్లలో ఏళ్లుగా ఈ ఫ్యాక్టరీకే కాయ తోలే రైతులున్నారు. కాయ కరువైన ఏడాది పక్క ఫ్యాక్టరీ రూపాయి ఎక్కువ ఇస్తానన్నా ఇటే తోలినవాళ్లు వాళ్లు.

కేసు ఇంతే, నాలుగు పేజీలు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో 1921లో క్లింటన్ బిడిల్ రాసిన జనరల్ షూ కంపెనీ అన్న కేసు ఒక్క పేజీ. అలాంటిది, తర్వాత కేసులు ఇరవై, ముప్పై పేజీలకు పెరిగాయి. ముందు రాత్రి చదివి, చర్చించుకుని వస్తారన్న నమ్మకం మీద నడిచే పద్ధతి అది. క్యాంపస్‌లోనే ఉండి చదివేవాళ్లకు కుదురుతుంది. 1961లో హార్వర్డ్ తోడ్పాటుతో మొదలైన అహ్మదాబాద్ ఐఐఎంలో కుదిరింది. పాకాల నుంచి రైల్లో, శ్రీకాళహస్తి నుంచి బస్సులో రోజూ వచ్చిపోయే పిల్లల దగ్గర ఆ నమ్మకం పెట్టుకోకూడదు. అందుకే మొదటి ఇరవై నిమిషాలు క్లాసులోనే చదివించాను. చర్చ తెలుగులో, బోర్డు మీద అంకెలు. ఇంగ్లీషులోనే మాట్లాడాలంటే మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే.

తెలిసిన ఊరితో వచ్చే చిక్కు

లోకల్ కేసయితే పిల్లలకు సులువుగా ఉంటుందని చాలామంది అంటారు. నా అనుభవం దానికి పూర్తిగా విరుద్ధం. అమెరికా చెప్పుల కంపెనీ కేసు ఇస్తే వాళ్లకు దాని గురించి ఏమీ తెలియదు కాబట్టి పేజీ చూడక తప్పదు. తోతాపురి కేసు ఇస్తే మొదటి పేరా దాటగానే చదవడం మానేసి గుర్తు తెచ్చుకోవడం మొదలుపెడతారు. మా మామ తోపు, మా ఊరి మండీ, మా నాయన పడ్డ పాట్లు. అన్నీ నిజాలే. కేసులో మాత్రం అవి లేవు.

బంగారుపాళెం వైపు అబ్బాయి ఒకడు లేచి అన్నాడు: "మా నాయన రెండు రాత్రులు ట్రాక్టర్ మీదనే పండుకున్నాడు మేడం. వీళ్ల నష్టం గురించి నేనెందుకు ఆలోచించాల?"

దానికి వెంటనే జవాబు చెప్పకూడదు. క్లాసులో సగం మంది మనసులో ఉన్నదే వాడు పైకి అన్నాడు. వాడిని కూర్చోబెట్టి యజమాని వైపు నుంచి చూడు అని నీతులు చెబితే వాదన అక్కడితో ఆగిపోయేది. మీ నాయనను ఇంకో రెండు రాత్రులు నిలబెట్టేది ఎవరో ఈ కాగితాల్లోంచి చూపించు అని మాత్రం అడిగాను. తర్వాత కుర్చీలు మార్చాను. తోపులున్న ఇళ్ల పిల్లలు యజమాని, గుమాస్తా, బ్యాంకు మేనేజర్ అయ్యారు. తిరుపతి టౌన్ పిల్లలు, నాన్నలు ఉద్యోగాలు చేసేవాళ్లు, టోకెన్ పట్టుకున్న రైతులయ్యారు. బంగారుపాళెం అబ్బాయికి బ్యాంకు మేనేజర్ కుర్చీ ఇచ్చాను.

ఈ కుర్చీల మార్పిడి ఏదో సరదా కోసం ఆడించే ఆట అనుకోవద్దు. తెలిసిన ఊరి కేసుకు ఇది లేకపోతే నడవదు అంటాను. ఎవరి పక్షాన వాళ్లు కూర్చుంటే రెండు గంటలూ రచ్చబండ అవుతుంది. కొత్త కుర్చీలో కూర్చున్నవాడికి ఇంట్లో విన్న మాటలు పనికిరావు, కాగితం తిప్పాల్సిందే.

మొదటి క్లాసు: 30 పెద్దదా, 27 పెద్దదా

నా మొదటి ప్రశ్న ఒకటే. గేటు తీయాలా, వద్దా?

అందరూ చూసింది 30, 27. ఖర్చు 30, వచ్చేది 27, కిలోకు మూడు రూపాయల నష్టం, మూసేయాలి. ఒకమ్మాయి దీన్ని బోర్డు మీద రాసి గీత కూడా గీసింది. మన పరీక్ష పేపర్ల చివర వచ్చే అరపేజీ కేసులకు అలవాటు పడ్డవాళ్లు కేసంటే లోపల జవాబు దాచిన పొడుపు కథ అనుకుంటారు. దొరికిందని సంబరపడ్డారు.

గుమాస్తా కుర్చీలో ఉన్న పుత్తూరు అమ్మాయి అడిగింది, మూసేస్తే ఆ 5 రూపాయలు మిగులుతాయా అని. మిగలవు. నడిపినా మూసినా పోయేవే. అప్పుడు పోల్చాల్సింది 16కు 9 కలిపిన 25తో. 27 వస్తే కిలోకు రెండు రూపాయలు చేతికి వస్తాయి. మూసేస్తే సీజన్‌కు 75 లక్షల నష్టం. మొత్తం సొంతంగా ఆడితే 30 లక్షలు వెనక్కి వచ్చి నష్టం 45 లక్షలకు తగ్గుతుంది. సగం జాబ్‌వర్క్‌కు ఇస్తే దాని మీద కిలోకు మూడు రూపాయలు వస్తాయి, నష్టం ముప్పై ఏడున్నర లక్షలకు దిగుతుంది.

ఇక్కడ ఆగి ఇంకో ప్రశ్న వేశాను. కాయ ధర ఎంత దాటితే గేటు మూయడమే మేలు? 27లోంచి 9 తీసేస్తే 18, రెండు కిలోల కాయకు. అంటే కిలో 9. ఈ అంకె బోర్డు మీదకు రాగానే క్లాసు కాసేపు గందరగోళమైంది. ఎనిమిదికి కొనడం మా వల్ల కాదన్న మాట ఈ కేసు లెక్కల్లో నిలబడదు. రైతుకు కావలసిన పన్నెండు మొత్తాన్నీ ఫ్యాక్టరీ మీద వేయడమూ నిలబడదు, కిలో గుజ్జుకు ఆరు రూపాయలు చేతినుంచి పోతాయి. రైతుల కుర్చీల్లో ఉన్న టౌన్ పిల్లలు మొదటి సగం పట్టుకున్నారు, యజమాని పక్షం రెండో సగం పట్టుకుంది. మార్జినల్ కాస్టింగ్ (సరుకును బట్టి మారే ఖర్చుతోనే నిర్ణయం తేల్చే లెక్క) మీద నేను ఇన్నేళ్లు చెప్పిన ఏ లెక్కకూ ఇంత గొడవ జరగలేదు.

గంట కొట్టేసరికి అందరూ ఒక మాట మీదకు వచ్చారు: సగం జాబ్‌వర్క్, సగం పాత రైతుల దగ్గర ఎనిమిదికి. తేలిపోయిందనుకుని బ్యాగులు సర్దుకుంటుంటే డబ్బు ఎక్కడిది అని బోర్డు మీద రాసి వచ్చేశాను.

రెండో క్లాసు: 38 ఎక్కడిది

దీన్ని కాస్త నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే కేసు పాఠం ఇక్కడే ఉంది.

సగం సామర్థ్యానికి కాయ కొని, ఆడి, డ్రమ్ముల్లో నింపడానికి నెలకు దాదాపు కోటీ 88 లక్షలు చేతిలో ఉండాలి. జాబ్‌వర్క్ మిగులు పోను కోటీ 65 లక్షలు. యజమాని పక్షం ధైర్యంగా చెప్పింది: పాత సరుకు 7 కోట్ల 60 లక్షలది, 75 శాతం అంటే 5 కోట్ల 70 లక్షలు, అప్పు 5 కోట్లే, ఇంకో 70 లక్షలు తీసుకోవచ్చు, మిగతాది కొత్త సరుకు చూపించి తెచ్చుకుంటాం.

బ్యాంకు మేనేజర్ స్టాక్ స్టేట్‌మెంట్ (గోడౌన్‌లో ఉన్న సరుకు, దాని విలువ చూపే కాగితం) అడిగాడు. చేతికిచ్చారు. పెన్ను తీసి 38 చుట్టూ సున్నా చుట్టాడు.

"ఈ రేటు ఎక్కడిది?"

"పోయిన సీజన్‌లో మాకు పడిన ఖర్చు సార్."

"బయట 27కు దొరికేదానికి నేను 38 మీద ఎందుకియ్యాల?"

క్లాసు మొత్తానికి అకౌంటింగ్ మొదటి సెమిస్టర్ గుర్తొచ్చిన క్షణం అది. సరుకును కొన్న ఖర్చు, అమ్మితే వచ్చే నికర ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే లెక్కగట్టాలన్న నియమం అందరూ రాసి పాసైనదే. 27 చొప్పున సరుకు విలువ 5 కోట్ల 40 లక్షలు. దాని మీద అప్పు 4 కోట్ల 5 లక్షలకే చెల్లుతుంది. అంటే కొత్తగా 70 లక్షలు రావడం అటుంచి, ఇప్పటికే 95 లక్షలు ఎక్కువ వాడేశారు.

మరి యజమాని ఆ పాత డ్రమ్ములు ఎందుకు అమ్మడు? మంచి ధర వస్తుందన్న ఆశ అన్నారు ముందు. అహంకారం అన్నారు కొందరు. లెక్క వేయమన్నాను. పుస్తకాల్లో 38 ఉన్నంతకాలం ఒక కిలో అమ్మితే చేతికి 27 వస్తుంది, బ్యాంకు దగ్గర అప్పు పరిమితి మాత్రం 28 రూపాయల 50 పైసలు తగ్గుతుంది. అమ్మిన ప్రతి కిలోకూ నగదు మీద ఇంకో రూపాయిన్నర బిగింపు. అమ్మకపోతే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గోడౌన్లు ఎందుకు ఖాళీ కావు అన్నదానికి గుమాస్తా పుస్తకంలోంచే ఇలా ఒక కారణం బయటికొచ్చింది. ఆశా, అహంకారం కూడా ఉండొచ్చు. వాటిని బోర్డు మీద కూడలేం.

పుత్తూరు అమ్మాయి జట్టు తెగించి ఒక దారి చెప్పింది. రెండు వేల టన్నులూ 27కు అమ్మేయండి. పుస్తకాల్లో 2 కోట్ల 20 లక్షల నష్టం ఒప్పుకోండి. వచ్చిన 5 కోట్ల 40 లక్షలతో అప్పు తీర్చేస్తే 40 లక్షలు చేతిలో. కొత్త గుజ్జు కిలోకు 25 ఖర్చు, బ్యాంకు 27లో 75 శాతం అంటే 20 రూపాయల పావలా ఇస్తుంది, మనం వేసుకోవాల్సింది 4 రూపాయల 75 పైసలు. 750 టన్నులకు 35 లక్షల 60 వేలు. సరిపోయింది!

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు జీతాలు వేశారా అన్నాడు. నడిపినా మూసినా తప్పని ఆ 75 లక్షల్లో తరుగుదల 45 లక్షలు నగదు కాదు కానీ, 30 లక్షలు జీతాలు, తప్పనిసరి చెల్లింపులు. జాబ్‌వర్క్‌లో వచ్చే ఇరవై రెండున్నర లక్షలు అందులోకే పోతాయి. మూడు లక్షల చిల్లర తక్కువ పడుతోంది. మూడు లక్షలు ఎక్కడైనా పుట్టించవచ్చు అన్నారు కొందరు. ఆ మాటకు నేను అడ్డం పడలేదు. ఇంకొకరు అడిగింది దానికంటే మంచి ప్రశ్న: జిల్లాలో అందరి దగ్గరా పాత సరుకు ఉన్నప్పుడు రెండు వేల టన్నులు ఒక్కసారి దింపితే ఆ 27 నిలుస్తుందా? ఉత్తరంలో రాసిచ్చాడు కదా అంది ఆ అమ్మాయి. ఉత్తరానికి విలువెంత అన్న చర్చ గంట కొట్టేదాకా నడిచింది.

చివరికి ఆయన ఏం చేశాడు

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కేస్ టీచర్లలో కొందరు చెప్పరు. నేను చెబుతాను, కాకపోతే అందరూ తమ నిర్ణయం కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాక. లేకపోతే చెప్పగానే అదే నా జవాబు కూడా అనేస్తారు.

ఆయన జాబ్‌వర్క్ ఒప్పుకున్నాడు. మిగతా సగానికి పాత రైతులకు టోకెన్లు ఇచ్చి ఎనిమిది లెక్కన కాయ దించుకున్నాడు. పాత డ్రమ్ములు అమ్మలేదు. స్టేట్‌మెంట్‌లో రేటు మార్చలేదు. రైతులకు డబ్బు వెంటనే ఇవ్వలేదు, కొంత ఇచ్చి మిగతాది సరుకు కదిలాక విడతలుగా ఇచ్చాడు.

పిల్లలు కాసేపు ఆయనను మెచ్చుకున్నారు. ఎవరినీ వెనక్కి పంపలేదు, పని ఆగలేదు, బ్యాంకుతో గొడవ పడలేదు. అప్పుడు మా బ్యాంకు మేనేజర్ ఇంకా ఆ కుర్చీలోనే ఉండి అన్న మాట: "నేను ఇయ్యని అప్పు రైతుల దగ్గర తీసుకున్నాడు మేడం. వడ్డీ లేకుండా, అడక్కుండా."

మొదటి రోజు వాడు కోపంతో అన్నదీ ఇంచుమించు ఇదే. ఈసారి దాని వెనక కోటీ 65 లక్షల లెక్క ఉంది, దాన్ని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. యజమాని పక్షం వాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. కాయ తోపులో కుళ్లడం కంటే ఆలస్యంగానైనా డబ్బు వస్తే మేలు కదా అన్నారు. తిలా పాపం తలా పిడికెడు అని ఒకరు సర్దిచెప్పబోతే రెండు వైపుల వాళ్లూ వాడి మీద పడ్డారు. నేను ఏ పక్షమూ తేల్చలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆయన చేసిన తప్పు విడతల్లో ఇవ్వడం కాదు, విడతల్లో ఇస్తానని కాయ దించకముందే చెప్పకపోవడం అంటాను. అది కూడా క్లాసు అయిపోయాక, కారిడార్‌లో అడిగినవాళ్లకే చెప్పాను.

మార్కులు, మార్పులు

మార్కులు ఎక్కువసార్లు మాట్లాడినవాళ్లకు వేయను. చర్చను కదిపిన మాట ఎవరిదో వాళ్లకు వేస్తాను. జీతాలు వేశారా అన్న ఒక్క ప్రశ్నకు ఆ అబ్బాయికి మంచి మార్కులే పడ్డాయి. పక్కవాళ్లు గొణిగారు కానీ ఎందుకో బోర్డు చూపించి చెప్పగలిగాను. నోరు విప్పనివాళ్లకు ఆ సంతకం పెట్టిన కాగితం ఆధారం. అందులో ఏం చేయాలో మాత్రమే కాదు, ఎవరికి ముందుగా ఏం చెప్పాలో కూడా రాయమంటాను. యజమాని సోమవారం పొద్దున మొదట ఎవరికి ఫోన్ చేయాలి అన్నదానికి బ్యాంకుకు అని రాసినవాళ్లు, రైతులకు అని రాసినవాళ్లు దాదాపు సగం సగం వచ్చారు. వచ్చే బ్యాచ్‌కు చర్చ అక్కడి నుంచే మొదలుపెడదామనుకుంటున్నాను.

కేసు కాగితాల్లో రెండు మార్పులు చేస్తున్నాను. ప్రభుత్వం ఇచ్చే నాలుగు రూపాయల సంగతి మొదటి పేజీలోంచి తీసి రెండో క్లాసుకు మారుస్తున్నాను. అది ముందే కనిపిస్తే ఎలాగూ పన్నెండు వస్తుంది కదా అని కొందరు తొమ్మిది రూపాయల లెక్క దాకా రాకుండానే ఆగిపోతున్నారు. రెండోది, రైతు వైపు ఒక అనుబంధం చేరుస్తున్నాను: కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ, తోపు మీద తెచ్చిన అప్పు, క్యూలో ఒక్కో రోజుకు తగ్గే తూకం. ఇప్పుడున్న కేసులో ఫ్యాక్టరీకి నాలుగు పేజీల అంకెలున్నాయి, రైతుకు ఒక పేరా ఉంది. ఆ అనుబంధానికి లెక్కలు సేకరించే పని బంగారుపాళెం అబ్బాయికి, టౌన్ నుంచి వచ్చే ఇంకో ఇద్దరికి ప్రాజెక్టుగా ఇచ్చాను. వాళ్లు తెచ్చే అంకెలకు కూడా ఆ రైతుల సంతకం కావాలని ముందే చెప్పాను.